ఆట మధ్యలో ప్రశ్నలు అడగడం మానేశాక

నాలుగేళ్ళ పిల్లవాడు ఒకడు నీళ్ళ తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతిలో పొడుగాటి సన్నని సీసా, ఎదురుగా వెడల్పాటి గిన్నె. సీసా నిండా నీళ్ళు ముంచి గిన్నెలోకి వంపాడు. వంగి చూశాడు. "తగ్గిపోయాయి" అని తనలో తనే అనుకున్నాడు. గిన్నెలోని నీళ్ళను గరాటు పెట్టి, ఒక్క చుక్క కింద పడకుండా మళ్ళీ సీసాలోకి పోశాడు. నీళ్ళు సీసా మెడ దాకా వచ్చాయి. "వచ్చేశాయి!" అన్నాడు. మళ్ళీ గిన్నెలోకి, మళ్ళీ సీసాలోకి. ఆ పూట ఎన్నిసార్లు అలా పోశాడో లెక్కపెట్టాను. 17 సార్లు.

నేను పక్కనే నేల మీద కూర్చుని ఉన్నాను. "తగ్గలేదు నాన్నా, అవే నీళ్ళు" అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. అనలేదు. ఆ మాట ఆపుకోవడం నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఈ రోజు దాని గురించే రాస్తున్నాను.

16 ఏళ్ళుగా ప్రీస్కూల్లో మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలతో గడుపుతున్నాను. మొదటి ఏడాది జరిగిన ఒక సంగతి ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. ఒక పాప చెక్క దిమ్మెలతో వంతెన కడుతోంది. రెండు స్తంభాలు నిలబెట్టింది. పైన వేయాల్సిన దిమ్మె రెండో స్తంభం దాకా అందడం లేదు. స్తంభాన్ని కాస్త ఇవతలికి జరిపింది. అందలేదు. ఊపిరి బిగబట్టి ఇంకాస్త జరుపుతోంది. సరిగ్గా అప్పుడు నేను వెళ్ళి, ఎంతో ప్రేమగా, "ఇది ఏ రంగు?" అని అడిగాను. "ఎరుపు" అంది. "మరి ఇది?" "పసుపు." "మొత్తం ఎన్ని ఉన్నాయి?" వేలు పెట్టి లెక్కపెట్టి చెప్పింది. చెప్పి, లేచి, బొమ్మల మూలకు వెళ్ళిపోయింది. వంతెన సగంలోనే ఉండిపోయింది.

రంగులు ఆ పాపకు అంతకు ముందే తెలుసు. ఆ నిమిషంలో ఆమె తేల్చుకుంటున్నది దూరానికీ పొడవుకూ ఉన్న సంబంధం, బరువు ఎక్కడ ఆనుతుందన్న విషయం. ఆమె చేతిలో జవాబు తెలియని అసలైన లెక్క ఒకటి ఉంది. నేను వెళ్ళి దాన్ని ఆపించి, జవాబులు ఇద్దరికీ తెలిసిన లెక్కలు మూడు ఇచ్చాను.

నీళ్ళ తొట్టి దగ్గరి పిల్లవాడి విషయానికి వస్తే, వాడిది తెలివి తక్కువ కాదు. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జాన్ పియాజే ఇలాంటి పరీక్షలు ఎంతోమంది పిల్లలకు పెట్టి చూశాడు. ఒకే కొలత నీళ్ళను వెడల్పు పాత్ర నుంచి సన్నని పాత్రలోకి పోస్తే, నాలుగైదేళ్ళ పిల్లల్లో ఎక్కువమంది సన్నదాంట్లోనే ఎక్కువ ఉన్నాయంటారు. ఎత్తు ఒక్కటే కంటికి ఆనుతుంది. ఎత్తు పెరిగినప్పుడు వెడల్పు తగ్గిందని రెండిటినీ కలిపి చూడగలగడం సాధారణంగా ఆరేడేళ్ళకు వస్తుంది. ఈలోగా మనం సరిదిద్దితే ఏమవుతుంది? పిల్లలు మన మాటను మనకే తిరిగి అప్పగిస్తారు. "అవే నీళ్ళు" అంటారు, కళ్ళు మాత్రం సీసా మెడ మీదే ఉంటాయి.

మరునాడు నేను చేసిందల్లా తొట్టి పక్కన ఇంకో రెండు వస్తువులు పెట్టడమే. ఒకటి లోతు లేని పళ్ళెం, రెండోది మొదటి సీసా లాంటిదే మరో సీసా. తొమ్మిదో రోజున వాడు నా చేయి పట్టి లాగి, "టీచర్, సీసాలో నీళ్ళు నిలబడ్డాయి. గిన్నెలో పడుకున్నాయి" అన్నాడు. ఎన్ని పాఠాలు చెప్పినా నేను ఆ మాట వాడి చేత అనిపించగలిగేదాన్ని కాదు.

(నీళ్ళ ఆట గురించి ఒక్క హెచ్చరిక చెప్పి తీరాలి. పసిపిల్లలకు కొద్ది అంగుళాల లోతు నీళ్ళు కూడా ప్రాణాపాయమే. పెద్దవాళ్ళు చేయి చాచితే అందేంత దగ్గర కూర్చోగలిగినప్పుడే తొట్టి నింపాలి, ఆట కాగానే ఒంపేయాలి. అలాగే మూడేళ్ళ లోపు వాళ్ళున్న గదిలో పూసలు, గుండీలు, గింజలు లాంటివి నేను బయటికే తీయను.)

మనం ముందే చూపించేస్తే పిల్లల వెతుకులాట ఎంత తగ్గిపోతుందో తేటగా చూపిన ప్రయోగం ఒకటుంది. ఎలిజబెత్ బోనవిట్జ్, లారా షుల్జ్, వారి సహచరులు దాన్ని 2011లో ప్రచురించారు. గొట్టాలతో చేసిన కొత్త బొమ్మ ఒకటి. దానిలో నాలుగు సంగతులు దాగి ఉన్నాయి: ఒకచోట లాగితే కీచుమంటుంది, ఒకచోట దీపం వెలుగుతుంది, ఒకచోట సంగీతం వస్తుంది, ఒక గొట్టంలో అద్దం ఉంటుంది. కొందరు పిల్లలకు "ఇదిగో, ఈ బొమ్మ ఎలా పనిచేస్తుందో చూపిస్తాను" అని కీచుమనేది ఒక్కటే చూపించారు. ఇంకొందరి ముందు అదే పని అనుకోకుండా జరిగినట్టు చేశారు. పాఠంగా చూసిన పిల్లలు ఆ కీచుమనేదాన్నే తిప్పి తిప్పి చేసి, తక్కినవాటిని తక్కువగా కనిపెట్టి, ఆట త్వరగా వదిలేశారు. టీచర్ చూపించింది కదా, ఇంతకు మించి ఇందులో ఏమీ ఉండదని నమ్మారు. మన మీద వాళ్ళకున్న నమ్మకమే వాళ్ళకు గోడ అయింది. ఇది చదివిన రోజు నాకు ఆ సగం వంతెన గుర్తొచ్చింది.

అలాగని ఆటలోకి పిల్లల్ని వదిలేసి మనం ఓ మూల కూర్చోవాలని కాదు. ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని ఏదంటే, ఎప్పుడు కల్పించుకోవాలో పసిగట్టడం. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అనే మనస్తత్వ పరిశోధకులు మూడు నుంచి ఐదేళ్ళ పిల్లల చేత చెక్క ముక్కలతో పిరమిడ్ కట్టిస్తూ, పక్కనున్న పెద్దవారి సాయం ఎలా ఉంటుందో గమనించారు. ఆ సాయాన్ని వాళ్ళు పరంజాతో పోల్చారు. నాకు ఆ పోలిక చాలా ఇష్టం. పరంజా గోడను మోయదు. గోడ కట్టేవాడికి కాలు మోపే చోటు ఇస్తుంది. గోడ లేచాక విప్పేస్తారు, అది ఉన్న ఆనవాలు కూడా మిగలదు. ఇప్పుడు నేను దిమ్మెల దగ్గర కూర్చుంటే ఎక్కువగా చూసింది చూసినట్టు చెబుతాను: "పొడుగుదాన్ని అడుగున పెట్టావు." ఒక్కోసారి పిల్లల చేతులకు తెలిసి నోటికి తెలియని మాటను అందిస్తాను: అంచు, ఆనించడం, సమానం, ఏటవాలు. ప్రశ్న అడిగితే నాకూ నిజంగా జవాబు తెలియనిదే అడుగుతాను.

దిమ్మెల గురించి ఇంకాస్త చెప్పాలని ఉంది, ఎందుకంటే నా గదిలో మిగతా బొమ్మలన్నీ తీసేసి ఒక్కటే ఉంచుకోమంటే నేను ఉంచుకునేది వాటినే. ఇవి మనకు ఫ్రోబెల్ ఇచ్చినవి. జర్మనీలోని బ్లాంకెన్‌బుర్గ్‌లో 1837లో పసిపిల్లల కోసం సంస్థ ప్రారంభించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట అని పేరు పెట్టిన మనిషి. ఆయన పిల్లల చేతికిచ్చే వస్తువులను 'కానుకలు' అన్నాడు. మొదటి కానుక రంగురంగుల మెత్తని బంతులు. మూడోది ఒక చెక్క ఘనం, విడదీస్తే ఎనిమిది చిన్న ఘనాలు అవుతుంది. ముక్కలు చేసి మళ్ళీ ఒక్కటి చేయడంలోనే సగం, పావు అన్నీ పిల్లల వేళ్ళకు తెలుస్తాయి. అలాంటి మనిషి తోటలను 1851లో అప్పటి జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా ప్రభుత్వం నిషేధించింది. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశాడు. 1860లో నిషేధం ఎత్తేశారు, అది చూడడానికి ఆయన లేడు. ఈ విషయం తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

మా అల్మారాలో ఉన్నవి 20వ శతాబ్దం తొలినాళ్ళలో న్యూయార్క్‌లో కారొలిన్ ప్రాట్ అనే విద్యావేత్త రూపొందించిన కొలతలవి. అసలు దిమ్మె ఐదున్నర అంగుళాల పొడవు, అందులో సగం వెడల్పు, ఆ వెడల్పులో సగం మందం. దానికి సగం ఉన్నవి, రెట్టింపు ఉన్నవి, నాలుగింతలు ఉన్నవి కూడా ఉంటాయి. రంగులుండవు, బొమ్మలుండవు. ఒకరోజు ఇద్దరు పిల్లలు పక్కపక్కనే రోడ్లు వేస్తున్నారు. ఒకడు పొడుగు దిమ్మెలన్నీ వాడేశాడు. రెండో పాప ఖాళీ అల్మారా వైపు చూసి, వాడి రోడ్డు వైపు చూసి, కాసేపు పెదవి కొరుక్కుంటూ నిలబడింది. అడిగితే కొట్లాట అవుతుందని ఆమెకు తెలుసు. తర్వాత రెండు మామూలు దిమ్మెలు తెచ్చి వాడి పొడుగు దిమ్మె పక్కన చివర్లు కలిపి పెట్టింది. సరిగ్గా సరిపోయాయి. అతుకు మీద చూపుడు వేలు పెట్టి నెమ్మదిగా రాసింది, గుంట ఏమైనా తగులుతుందా అని. తగల్లేదు. ఇక పరుగే పరుగు. మామూలువి అయిపోతే సగాలు నాలుగు పెట్టింది. ఆ రోడ్డు గది తలుపు దాకా వెళ్ళింది. అంతసేపూ నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు మాత్రం సర్దేయమనలేదు, రోడ్డును మరునాటి దాకా అలాగే ఉంచాం.

సర్దడం కూడా మంచి ఆటే. అల్మారా అరల మీద ఒక్కో దిమ్మె ఆకారం గీసి అంటించాను. ఎవరి ఇంటికి వాళ్ళను పంపడమే పని.

లెక్కల దగ్గరికి వద్దాం. ఇరవై దాకా గడగడా చెప్పే పాపను "నాకు నాలుగు ఇవ్వమ్మా" అంటే గుప్పెడు తీసి ఇచ్చింది. ఇది చూసి తల్లిదండ్రులు కంగారు పడతారు. పడక్కర్లేదు. అంకెలను వరసగా చెప్పడం ఒకటి, చివర పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందని తెలియడం మరొకటి. రెండోది మెల్లగా, విడిగా వస్తుంది. దానికోసం నేను పెట్టిన ఆటలో ఒక్క ప్రశ్న కూడా లేదు. నిద్రపుచ్చాల్సిన బొమ్మలు ఐదు ఒక మూల, దుప్పట్లు గదికి అవతలి మూల. మొదట్లో ఆ పాప ఒక్కో దుప్పటి కోసం ఒక్కోసారి నడిచింది, ఐదుసార్లు. తర్వాతి వారం చేతికి అందినన్ని వారుకుని వచ్చింది. రెండు మిగిలిపోతే విసుక్కుని వెనక్కి తీసుకెళ్ళింది. ఒకరోజు బయల్దేరబోయి ఆగింది. బొమ్మల ముందు నిలబడి ఒక్కొక్కదాని తల ముట్టుకుంటూ ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అంది. "ఐదు, ఐదు, ఐదు" అని మర్చిపోకుండా గొణుక్కుంటూ వెళ్ళి, ఐదే తెచ్చింది. దుప్పట్లను దూరంగా పెట్టడం ఒక్కటే నేను చేసిన పని.

గళ్ళ ఆట కూడా చెప్పుకోదగ్గదే. అట్ట మీద ఒకే వరసలో పది గళ్ళు గీసి 1 నుంచి 10 దాకా అంకెలు వేయండి. ఒక చెక్క ఘనం మీద మూడు వైపులా 1, మూడు వైపులా 2 రాయండి. ఇద్దరికి రెండు పావులు. గీతా రామాని, రాబర్ట్ సీగ్లర్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో పేద కుటుంబాల నాలుగైదేళ్ళ పిల్లలతో దాదాపు ఇలాంటి ఆటే ఆడించారు. రెండు వారాల్లో నాలుగు సార్లు, ఒక్కోసారి 15 నుంచి 20 నిమిషాలు. అంతమాత్రానికే పిల్లలకు అంకెలు గుర్తుపట్టడం, ఏది పెద్దదో చెప్పడం, లెక్కించడం మెరుగయ్యాయి. తొమ్మిది వారాల తర్వాత చూసినా ఆ లాభం నిలిచే ఉంది. అంకెలకు బదులు రంగుల గళ్ళతో ఆడిన పిల్లల్లో అది కనిపించలేదు. ఇందులో ఒక మెళకువ ఉంది. పావు 3 మీద ఉండి 2 పడితే, "ఒకటి, రెండు" అంటూ జరపకూడదు. "నాలుగు, ఐదు" అంటూ గళ్ళలో ఉన్న అంకెలు పలుకుతూ జరపాలి. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ ఆట ప్రాణం అందులోనే ఉంది.

మాటల ఆటల్లో మా గదిలో ఎప్పటికీ పాతబడనిది చప్పట్ల ఆట. మాట పలుకుతూ, ఒక్కో చప్పుడుకు ఒక్కో చప్పట్టు. చీమకు రెండు, పలకకు మూడు. ఒకరోజు "రైలు పెద్ద మాటా, సీతాకోకచిలుక పెద్ద మాటా?" అన్నాను. "రైలు!" అని గది మొత్తం అరిచింది. రైలు ఎంత పొడుగ్గా ఉంటుందో చేతులు చాచి చూపించారు. మాట వేరు, వస్తువు వేరు అన్నది ఈ వయసు పిల్లలకు ఇంకా తేటపడి ఉండదు. చప్పట్లు కొట్టి చూడమన్నాను. రై-లు. రెండు. సీ-తా-కో-క-చి-లు-క. ఏడు. గది నిశ్శబ్దమైపోయింది. ఒక పాప తన చేతుల వైపు చూసుకుని, మళ్ళీ ఒంటరిగా కొట్టి చూసుకుంది. మాటను వస్తువు నుంచి విడదీసి దాని చప్పుళ్ళను వినగలిగినప్పుడే అక్షరం అర్థమవుతుంది. 'తలుపు'లో మొదటి చప్పుడు దాచేస్తే ఏం మిగిలిందంటే "లుపు" అని పడీ పడీ నవ్విన పిల్లలకు 'త' అనే అక్షరం ఎందుకుందో నేను వివరించాల్సిన పని ఉండదు.

చేతుల పని గురించి క్లుప్తంగా: బంకమట్టి పిసకడం, కాగితాలు చింపడం, బట్టల క్లిప్పులు అట్ట అంచుకు తగిలించడం, మొద్దు మొన కత్తెరతో అంచులు కత్తిరించడం. పెన్సిల్ పట్టే మూడు వేళ్ళకు బలం వచ్చేది వీటితోనే. వేళ్ళు సిద్ధం కాకముందే గీతల పుస్తకం ముందు పెడితే పిల్లలు పిడికిలితో పెన్సిల్ పట్టుకుంటారు, ఆ అలవాటు మాన్పించడం తర్వాత చాలా కష్టం.

కుదురుగా కూర్చోలేని పిల్లల గురించి తల్లిదండ్రులు ఎక్కువ అడుగుతారు. మా దగ్గర ఒక బాబు ఉండేవాడు. వరసలో నిలబడమంటే అర నిమిషం నిలవలేడు. ఒకరోజు దిమ్మెలతో కోట కట్టారు. వాడికి కాపలా భటుడి వేషం దొరికింది. తలుపు దగ్గర చేతులు పక్కకు ఆనించి, గడ్డం పైకెత్తి, కన్ను కూడా ఆర్పకుండా నిలబడ్డాడు. పక్కవాడు గిలిగింతలు పెట్టినా కదల్లేదు. నాకు కళ్ళు చెమర్చాయి. ఇది వింత కాదని తర్వాత తెలిసింది. మనుయిలెంకో అనే సోవియట్ పరిశోధకురాలు 1940ల్లోనే చూపించింది: కదలకుండా నిలబడమని ఊరికే చెప్పినప్పటి కంటే, కాపలా భటుడిగా ఆడమన్నప్పుడు పిల్లలు చాలా ఎక్కువసేపు నిలబడ్డారు. ఆటలో పిల్లవాడు తనకంటే తల ఎత్తు పెద్దవాడవుతాడని సోవియట్ మనస్తత్వవేత్త విగోట్‌స్కీ చెప్పింది ఇదే. ఉత్తుత్తి ఆటకు పాటించి తీరాల్సిన నియమాలుంటాయి. భటుడు కదిలితే కోట పడిపోతుంది. అందుకే వాడు కదల్లేదు.

"రోజంతా ఆటలేనా, ఏమీ రాయించలేదా?" అని సాయంత్రం తలుపు దగ్గర అడిగే అమ్మానాన్నల మీద నాకు కోపం లేదు. ఖాళీ పుస్తకం చూస్తే వాళ్ళకు భయమేస్తుంది, ఆ భయం ప్రేమలోంచి వచ్చిందే. వాళ్ళకు నేను వాదన చెప్పను. ఒక పూట వచ్చి నా పక్కన నేల మీద కూర్చోమంటాను. ఒకే ఒక్క షరతు, అరగంట సేపు ప్రశ్న అడగకూడదు. ఆ దుప్పట్ల పాప తండ్రి అలా వచ్చాడు. "ఐదు, ఐదు" అని గొణుక్కుంటూ తన ముందు నుంచే నడిచి వెళ్ళిన కూతుర్ని చూసి, వెళ్ళేటప్పుడు, "ఇంట్లో ఇది ఎప్పుడూ వినలేదండీ" అన్నాడు.

చివరిగా, ఆడకుండా చూస్తూ నిలబడే పిల్లల గురించి. 1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు పిల్లలు కలిసి ఆడే తీరులను వర్గీకరించినప్పుడు, చూస్తూ ఉండడాన్ని కూడా వాటిలో ఒకటిగా చేర్చింది. ఆ ఒక్క మాటకు నేను ఆమెకు రుణపడి ఉన్నాను. ఈ ఏడాది కొత్తగా చేరిన ఒక పాప మూడు వారాలపాటు కిటికీ పక్కన నిలబడి బస్సు ఆట చూసింది. కుర్చీలు వరసగా వేసి, ముందు కుర్చీలో డ్రైవరు, కాగితం ముక్కలతో టికెట్లు. "రా, నువ్వూ ఎక్కు" అని ఎన్నిసార్లు పిలవాలనిపించిందో! ఆమె కళ్ళు మాత్రం ఒక్క టికెట్‌ను కూడా వదల్లేదు, అందుకే పిలవలేదు. నాలుగో వారంలో, రోజూ డ్రైవరయ్యే పిల్లవాడు రాలేదు. బస్సు ఖాళీగా ఉంది. ఆ పాప కిటికీ దగ్గర నుంచి కదిలి, నేరుగా వచ్చి ముందు కుర్చీలో కూర్చుంది. చేతులు గుండ్రంగా తిప్పి, "అందరూ ఎక్కారా? పట్టుకోండి. తలుపు వేస్తున్నా" అంది. మూడు వారాల్లో విన్న మాటలన్నీ వరస తప్పకుండా వచ్చాయి. పిల్లలు పరుగెత్తుకొచ్చి ఎక్కారు.

ఈ బస్సు ఎక్కడికి వెళ్తుందని అడగబోయాను. ఊరుకుని, వెళ్ళి వెనక కుర్చీలో కూర్చున్నాను.